మిగిలిన గంటల్లో గీసిన గీత

కొంతకాలం క్రితం ఒక సెమినార్‌లో వేరా మోల్నార్ కంప్యూటర్ చిత్రాల గురించి మాట్లాడాను. ప్రసంగం అయ్యాక ఒక పెద్దాయన లేచి, "గీసింది యంత్రం కదమ్మా, ఇందులో స్త్రీ ఎక్కడుంది?" అని అడిగారు. ఆ మాటలో వెటకారం ఉంది. అయినా అది ప్రశ్నే. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. పరిమితులే ఆమె కళకి బలమనీ, దొరికిన కాస్త సమయంలోంచీ అరకొర పరికరాల్లోంచీ స్త్రీలు ఎప్పుడూ గొప్ప కళని సృష్టిస్తూనే ఉన్నారనీ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రశ్న అడిగినాయన కూడా కొట్టారు. ఇంటికొచ్చే దారిలో ఆ చప్పట్లే నన్ను ఇబ్బంది పెట్టాయి. ఆయనకి అంత సులువుగా నచ్చిన జవాబులో ఏదో తేడా ఉండే ఉండాలి. ఆ తేడా ఏమిటో వెతుక్కోవడమే ఈ వ్యాసం.

ముందుగా పరికరాల సంగతి చూద్దాం. కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం గురించిన చరిత్రలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎం.ఐ.టి.లో తన పిహెచ్.డి. కోసం స్కెచ్‌పాడ్ తయారుచేశాడు. లింకన్ లాబొరేటరీలోని టి.ఎక్స్-2 అనే భారీ కంప్యూటర్ తెరకి లైట్ పెన్ ఆనించి గీతలు గీయొచ్చని చూపించాడు. 1964లో రాండ్ కార్పొరేషన్ పరిశోధకులు టాబ్లెట్ తెచ్చారు. మనకి టాబ్లెట్ అంటే మందుబిళ్లే గుర్తొస్తుంది గానీ, ఇది పలక. సుమారు పదంగుళాల చదరం. దాని కింద అడ్డంగా 1024, నిలువుగా 1024 సన్నని లోహపు గీతలు. కలం ఏ రెండు గీతల కూడలి మీద ఉందో కంప్యూటర్‌కి తెలిసిపోతుంది. చెయ్యి పలక మీద, చూపు తెర మీద. ఈ పరిశోధనకి డబ్బిచ్చింది అమెరికా రక్షణశాఖకి చెందిన ఆర్పా. పలక ధర అప్పట్లో సుమారు 18 వేల డాలర్లు. తర్వాత 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రిచర్డ్ షౌప్ చేసిన సూపర్‌పెయింట్, 1981లో ఇంగ్లండ్‌లోని క్వాంటెల్ కంపెనీ టీవీ స్టూడియోల కోసం తెచ్చిన పెయింట్‌బాక్స్. ఈ చివరిదాని ధర రెండున్నర లక్షల డాలర్ల దాకా ఉండేదంటారు. కలాన్ని ఎంత నొక్కితే గీత అంత ముదురుతుంది. చిత్రకారుడి చెయ్యికి చివరికి యంత్రం లొంగిందని ఈ చరిత్రలు సంబరంగా ముగుస్తాయి.

ఈ వరసలో కలం ఎంత సున్నితమైందో, తెర మీద ఎన్ని చుక్కలున్నాయో, ఎన్ని రంగులు వచ్చేవో అన్నీ ఉంటాయి. ఆ కలం ఏ వేళప్పుడు, ఏ హోదాలో, ఎవరి చేతికి దొరికింది అన్నది మాత్రం ఉండదు. సాహిత్యంలో ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. వర్జీనియా వుల్ఫ్ 1929లోనే గది గురించీ, డబ్బు గురించీ అడిగింది. తనదైన గది మాట మనం ఎన్నో వ్యాసాల్లో వాడుకున్నాం. తనదైన యంత్రం గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు. యంత్రమంటే మన ఊహలోనే ఎక్కడో అది మగవాళ్ల సంగతి అయిపోయిందేమో.

1987లో బి.బి.సి. 'పెయింటింగ్ విత్ లైట్' అనే కార్యక్రమాలు ప్రసారం చేసింది. పేరున్న చిత్రకారుల్ని ఒక్కొక్కరినే పిలిచి పెయింట్‌బాక్స్ ముందు కూర్చోబెట్టారు. డేవిడ్ హాక్నీ, రిచర్డ్ హామిల్టన్, హోవర్డ్ హాడ్జ్‌కిన్, సిడ్నీ నోలన్, లారీ రివర్స్, జెనిఫర్ బార్ట్‌లెట్. ఆరుగురిలో బార్ట్‌లెట్ ఒక్కతే స్త్రీ. హాక్నీ గీస్తున్న తీరు చూడండి. గీస్తూ మాట్లాడుతుంటాడు, మాట్లాడుతూ గీస్తుంటాడు. రంగు వెలుగులా పరుచుకోవడం చూసి పిల్లాడిలా సంతోషపడతాడు. ఆ గీతలో భయం లేదు. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టడం లేదు, ఆయన మంచి చిత్రకారుడే. కానీ ఆ గీతలోని స్వేచ్ఛంతా ఆయన స్వభావం లోంచే వచ్చిందా? లక్షల డాలర్ల యంత్రాన్ని అతిథి మర్యాదలతో ముందు పెట్టి, నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోమన్నప్పుడు చెయ్యి ఎలా కదులుతుందో ఆ గీత అలా కదిలింది. విమర్శకులు దీన్ని అతని శైలి అంటారు. అందులో ఆ ఆహ్వానం పాలు ఎంతో ఎవరూ లెక్క కట్టరు.

దీనికి ఐదేళ్ల ముందు, 1982లో, న్యూయార్క్‌లో బార్బరా నెస్సిమ్ ఇలాంటి యంత్రం ముందే కూర్చుంది. టైమ్ సంస్థ టీవీ తెరల మీద వార్తలూ బొమ్మలూ అందించే సేవ కోసం ఒక విభాగం నడుపుతుండేది. అక్కడ కెనడాకి చెందిన నార్‌పాక్ కంపెనీ యంత్రాలుండేవి. నెస్సిమ్ అప్పటికే ముఖచిత్రాలు వేసే పేరున్న చిత్రకారిణి. ఆమెని రెసిడెన్స్ ఆర్టిస్ట్‌గా రానిచ్చారు. అయితే యంత్రాలు పగలు ఉద్యోగులవి. సాయంత్రం ఐదు దాటి వాళ్లు ఇళ్లకి వెళ్లాక ఆమె వంతు. మాన్యువల్ ముందేసుకుని తనకి తానే నేర్చుకుంది. ఆ యంత్రంలో బొమ్మంటే సరళరేఖ, వంపు, దీర్ఘచతురస్రం, బహుభుజి లాంటి ఆకారాలకి ఇచ్చే ఆదేశాల వరస. నెస్సిమ్ స్కెచ్ పుస్తకాల్లో గీత ఆగకుండా పారుతుంది. తెర మీదకి వచ్చేసరికి అదే చెయ్యి కోణాలుగా విరుగుతుంది, రంగు పలచబడే వీలు లేక ఒకే ముద్దగా నిండుతుంది. ఆ విరుపు ఆమె ఎంచుకున్నదే అయినా, ఎంచుకోవడానికి ఆమె ముందున్నవెన్ని? ఇక్కడ శైలి ఎక్కడ ఆగుతుందో, యంత్రం ఎక్కడ మొదలవుతుందో, రాత్రి ఎంత మిగిలి ఉందన్న లెక్క ఎక్కడ చేరుతుందో విడదీయకుండా 'తొలి డిజిటల్ చిత్రకారిణి' అని పొగిడితే, పొగడ్తే మిగులుతుంది. విమర్శ మిగలదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే లిలియన్ ష్వార్ట్జ్ కనిపిస్తుంది. 1960ల చివర్లో ఆమె న్యూజెర్సీలోని బెల్ లాబొరేటరీస్‌లో అడుగుపెట్టింది. కెన్ నౌల్టన్ అనే పరిశోధకుడు తయారుచేసిన ప్రోగ్రామ్ భాషలతో పనిచేసింది. ఏళ్ల తరబడి అక్కడ ఆమె హోదా 'రెసిడెంట్ విజిటర్'. చాలాకాలం జీతం లేదు. ఆ మాటని ఒక్కసారి విడదీసి చదవండి. అక్కడే ఉండే మనిషి, అయినా చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ఆడపిల్ల అంటే 'ఆడి' పిల్ల, అంటే అక్కడి పిల్ల అని మనవాళ్లు అంటుంటారు కదా. పుట్టింట్లోనే పరాయిదైన మనిషికి ఈ హోదా ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఆమె 1970లో తీసిన 'పిక్సిలేషన్' కొద్ది నిమిషాల ఫిల్మ్. గళ్లగళ్లుగా పెరిగే కంప్యూటర్ ఆకారాలూ, చేత్తో పోసిన రంగులూ, పెరుగుతున్న స్ఫటికాలూ ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ వస్తాయి. ఏది యంత్రం చేసిందో ఏది చెయ్యి చేసిందో చూసేవాళ్లకి తేల్చుకోవడం కష్టం. దీన్ని కళా సాంకేతికతల సమ్మేళనం అని పొగుడుతూ ఎందరో రాశారు. సమ్మేళనమే. కానీ ఆ రోజుల్లో కంప్యూటర్‌తో ఎంత కుస్తీ పట్టినా వచ్చేది కొద్దిపాటి నలుపు-తెలుపు ఫిల్మే. మిగతాది చెయ్యి పూరించాలి. అతుకు కనబడకుండా అతకడం ఆమె నేర్పు. అతకాల్సి రావడం మాత్రం ఆమె ఆశయం కాదు, ఆమె పరిస్థితి. రెండింటినీ కలిపేసి సౌందర్యం అని పేరు పెడుతున్నాం మనం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. రాత్రుళ్లు పనిచేసింది స్త్రీలేనా? పెద్ద కంప్యూటర్ల కాలంలో యువ పరిశోధకులైన మగవాళ్లూ తమ వంతు కోసం తెల్లవార్లూ కాచుకున్నారు కదా? నిజమే. కానీ ఆ రాత్రుల చివర ఏముందో చూడాలి. వాళ్లకి డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, పేటెంటు ఉంది. పగలు కూడా ఆ గదిలోకి వెళ్లే హక్కుంది. మేలుకోవడం ఇద్దరికీ ఒకటే కావచ్చు, తెల్లారడం ఒకటి కాదు.

ఇంకో పొగడ్త గురించి కూడా చెప్పాలి. 1983లో వచ్చి ఆపిల్ మాకింటాష్ తెర మీది చిన్న గుర్తులు గీసిన సూజన్ కేర్ మొదట్లో గళ్ల కాగితం మీద పనిచేసింది. ఒక గుర్తుకి 32 గళ్లు అడ్డం, 32 గళ్లు నిలువు. ఏ గడి నల్లగా ఉండాలి, ఏది తెల్లగా ఉండాలి అన్నదే లెక్క. నేను ఈ సంగతి ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు "అచ్చం మన ముగ్గులాగే!" అంటారు. పడమటి వాళ్లు అల్లిక అంటారు, కుట్టుపని అంటారు. కేర్ తన పనిని మొజాయిక్‌తోనూ అల్లికతోనూ పోల్చుకుంది కూడా. తన పని గురించి తను చెప్పుకుంటే అది జ్ఞానం. మరొకరు ఆమె గురించి అంటే మాత్రం నాకు కొంచెం అనుమానం. ఓర్పు స్త్రీలకి పుట్టుకతో వచ్చిందనీ, చుక్కలు కలపడం వాళ్లకి సహజమనీ అనేస్తే, ఇక అది నేర్చుకున్న విద్య కాకుండా పోతుంది. కేర్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కళలో డాక్టరేట్ చేసిన మనిషి. ముగ్గుతో పోలిక ఆప్యాయంగానే వస్తుంది. వచ్చి ఆ చదువుని తుడిచేసి వెళ్తుంది.

ఇప్పుడు మోల్నార్ దగ్గరికి వస్తాను. 1924లో బుడాపెస్ట్‌లో పుట్టి, 1947లో పారిస్ చేరి, 2023 డిసెంబర్‌లో నూరేళ్లకి నెల ముందు చనిపోయింది. 1959లో, కంప్యూటర్ చేతికి రాకముందే, 'ఊహాయంత్రం' అని ఒకటి కల్పించుకుంది. ఒక నియమం పెట్టుకుని, తనే యంత్రమైనట్టు, ఆ నియమం చెప్పిన ప్రకారం చేత్తో గీసుకుంటూ పోయేది. 1968లో పారిస్‌లో ఒక పరిశోధన కేంద్రం కంప్యూటర్ ఆమెకి అందుబాటులోకి వచ్చింది. మొదట్లో చూసుకోవడానికి తెర కూడా లేదు. పంచ్ కార్డుల మీద ఆదేశాలు ఇచ్చి, ప్లాటర్ కాగితం మీద గీసేదాకా ఎదురుచూడాలి. ఏం గీశానో తెలియకుండా గీయడం అది.

1980లలో ఆమె 'అమ్మ ఉత్తరాలు' అనే చిత్రాల వరస చేసింది. బుడాపెస్ట్‌లో ఉన్న తల్లి ప్రతివారం ఆమెకి ఉత్తరం రాసేది. ఆ చేతిరాత ప్రతి పంక్తిలోనూ ఎడమవైపు నిటారుగా, పొందికగా మొదలై, కుడివైపుకి పోయేకొద్దీ అలజడిగా మారేది. మోల్నార్ ఆ రాతని కంప్యూటర్ చేత అనుకరింపజేసింది. తల్లి పోయాక కూడా ఆ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఇప్పుడు కూతురే రాయిస్తోంది. చూస్తే ఉత్తరంలాగే ఉంటుంది. ఒక్క అక్షరం చదవలేం. క్షేమసమాచారాలు లేవు, సలహాలు లేవు, దెప్పిపొడుపులు లేవు. పంక్తులూ, అవి వణకడమూ మాత్రమే ఉన్నాయి.

పలక మీద కలంతో ఆ రాతని దిద్దితే సరిపోయేది కదా అనిపించవచ్చు. దిద్దితే వచ్చేది కూతురి చెయ్యి. పలక చేసే పని చెయ్యి ఎలా కదిలితే అలా పట్టుకోవడమే. ఆ చెయ్యి అలాగే ఎందుకు కదిలిందో దానికి తెలియక్కర్లేదు. మోల్నార్ చేసింది అది కాదు. ఈ రాత ఏ నియమం ప్రకారం నడుస్తోంది, ఎక్కడ మొదలై ఎక్కడ చెదురుతోంది, ఎంత చెదురుతోంది అని అడిగింది. అది ప్రోగ్రామ్‌గా రాయాలంటే ఆ ఉత్తరాలని ఏళ్ల తరబడి చదివి ఉండాలి, చదవడం మానేసి చూసి కూడా ఉండాలి. సాహిత్య విద్యార్థిగా నేను దీన్ని పఠనం అనే అంటాను. అమ్మ ఏం రాసింది అన్నదాని కన్నా, ఏ చోటికొచ్చేసరికి అమ్మ చెయ్యి తట్టుకోలేకపోయేది అన్నది చదవడం.

"స్త్రీ ఎక్కడుంది?" అన్న ప్రశ్నకి ఇక్కడ ఒక జవాబుంది. ఆ నియమంలో ఉంది. యంత్రం గీసింది నిజమే, కానీ యంత్రానికి అమ్మ గురించి తెలిసినంతా కూతురు చెప్పినదే. ఇంతవరకు సెమినార్‌లో కూడా చెప్పగలిగాను. తప్పు ఆ తర్వాతి వాక్యంలో చేశాను. తెర లేకపోవడం వల్లే, యంత్రం సొంతం కాకపోవడం వల్లే ఆమెకి ఇలా ఆలోచించడం అలవాటైందని అన్నాను. అంటే లేమి ఆమెకి మేలు చేసిందని అన్నట్టే. ఆ పెద్దాయనకి నచ్చింది ఈ వాక్యమే. ఎందుకు నచ్చదు? అది నిజమైతే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఆ వాక్యం తప్పని నాకు చూపించింది సామియా హలబీ. 1936లో జెరూసలేంలో పుట్టిన పాలస్తీనా చిత్రకారిణి. యేల్ విశ్వవిద్యాలయంలో ఏళ్లపాటు చిత్రకళ బోధించింది. 1980ల మధ్యనాటికి కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చాయి. పిల్లల కోసమని కోలాపాడ్ లాంటి చవక పలకలు కూడా రెండొందల డాలర్ల లోపు దొరకసాగాయి. ఆ రోజుల్లో హలబీ అమీగా కంప్యూటర్ సొంతంగా కొనుక్కుంది. అప్పటికి ఆమెకి యాభై ఏళ్లు. బేసిక్, సి భాషలు నేర్చుకుని, ఆకారాలు శబ్దంతో పాటు పుట్టి, కదిలి, మాయమయ్యే చిత్రాలకి ప్రోగ్రాములు తనే రాసింది. 1990లలో ఆ ప్రోగ్రామునే వాయిద్యంలా మార్చి, కీబోర్డ్ మీద వేళ్లు ఆడిస్తూ, సంగీతకారులతో కలిసి జనం ముందు చిత్రాలు 'వాయించింది'. వాయించడానికి సాధన కావాలి. సాధనకి రోజూ ఆ వాయిద్యం ఇంట్లో ఉండాలి. రాత్రి అద్దెకి తెచ్చుకున్న వీణ మీద కచేరీ స్థాయి రాదు. తన యంత్రం తన దగ్గరుంటే స్త్రీ గీతలో పదును తగ్గలేదు. అంతకుముందు లేని కొత్త రూపమే వచ్చింది. లేమి కళని పుట్టిస్తుందన్న నా వాక్యం అక్కడ కూలిపోయింది.

యంత్రం సొంతమైతే అంతా సరిపోతుందనీ అనను. 2024 మొదట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో జరగాల్సిన హలబీ పెద్ద ప్రదర్శనని విశ్వవిద్యాలయం రద్దు చేసిందన్న సంగతి బయటికొచ్చింది. ఆమె చదువుకున్న చోటు అదే. పాలస్తీనా గురించి ఆమె గొంతు విప్పడమే కారణమని ఆమె పక్షాన ఎందరో నిరసించారు. యంత్రం కొనుక్కోవచ్చు. బొమ్మ తగిలించే గోడ ఇప్పటికీ వేరేవాళ్ల చేతుల్లోనే ఉంది.

నా సిద్ధాంత గ్రంథం తెలుగు రచయిత్రుల కథానిక మీద. అందులో ఒక అధ్యాయం నిండా, వంటిల్లు సర్దుకుని పిల్లల్ని పడుకోబెట్టాక మిగిలిన గంటలో రాయడం వల్ల మన రచయిత్రుల కథకి ఒక క్లుప్తత, ఒక బిగువు వచ్చాయని వాదించాను. పరీక్షకులు మెచ్చుకున్న అధ్యాయం అదే. ఇప్పుడది చదువుకుంటే సెమినార్‌లో నేనిచ్చిన జవాబే కనిపిస్తోంది. ఆ బిగువు నిజమే, ఆ కథలు గొప్పవే. కానీ నేను మిగిలిన గంటకి కృతజ్ఞత చెప్పాను, పోయిన గంటల లెక్క అడగలేదు. రాయాలనుకుని, పాత్రలు కూడా అనుకుని, వీలుకాక కథగా కుదించేసిన నవలలు ఎన్ని ఉండి ఉంటాయి? రాసినవాటి శైలిని మాత్రమే చదివే విమర్శకి ఆ ప్రశ్న తట్టదు. నాకు తట్టలేదు.

ఆ అధ్యాయాన్ని మళ్లీ రాస్తున్నాను. ఈసారి ప్రతి కథ దగ్గరా, ఇది ఎవరి బల్ల మీద, ఏ వేళప్పుడు, ఎవరు ఇళ్లకి వెళ్లాకో ఎవరు నిద్రపోయాకో రాసిందని కూడా అడగాలనుకుంటున్నాను. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది రాసేవాళ్లే. మీలో ఎవరి దగ్గరైనా అలా కథగా మిగిలిపోయిన నవల ఉంటే, దాని సంగతి నాకు రాయండి. కథ ఎంత బాగా వచ్చిందో నాకు తెలుసు. నవల ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలి.